రాతిలో ఆకు

నాకు అనుమానం ఎక్కువ. పాలు పోయించుకునేటప్పుడు వేలు ముంచి చూస్తాను. టమాటాలు కొనేటప్పుడు పైన గట్టివి పేర్చి కింద మెత్తవి పోశారేమోనని బుట్ట అడుగుదాకా చెయ్యి పెడతాను. మా అమ్మ బతికున్నన్నాళ్లూ నన్ను అనుమానప్పీనుగ అనే పిలిచింది. అయితే ఈ గుణం నాకు ఊరికే ముదరలేదు. పుట్టుకతో క్రైస్తవురాలిని, ఉద్యోగం గవర్నమెంటు హైస్కూల్లో బయాలజీ టీచరు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉంటే బడిలోవాళ్లూ అనుమానిస్తారు, చర్చిలోవాళ్లూ అనుమానిస్తారు.

పుంగనూరులో పనిచేసినప్పుడు పదో తరగతికి జీవపరిణామం పాఠం మొదలుపెట్టిన రోజున హెడ్మాస్టరు వచ్చి చివరి బెంచీలో కూర్చున్నాడు. గుండె పాఠానికి రాలేదు, మూత్రపిండాల పాఠానికి రాలేదు, దీనికి మాత్రం వచ్చాడు. నేను ఆ పాఠం ఎగ్గొట్టి ఆదాము అవ్వల కథ చెబుతానేమోనని ఆయన భయం. గంట కొట్టాక లేచి, "పర్వాలేదమ్మా, బాగానే చెప్పినారు" అని వెళ్లిపోయాడు. ఆ పర్వాలేదు అన్న మాట నాకు ఇప్పటికీ మండుతుంది.

కుప్పం దగ్గరికి బదిలీ అయ్యాక ఇది తిరగబడింది. ఇక్కడి చర్చిలో ఆరాధన అయ్యాక ఎవరో ఒకరు చల్లగా దగ్గరికొచ్చి, "ఏం సిస్టర్, బళ్లో కోతులనించి పుట్టినామని చెప్తాండారంటనే" అని నవ్వుతారు. కోతుల నుంచి అని పుస్తకంలో లేదని, కోతులకూ మనకూ పాత పూర్వీకులు ఒకరేనని అంటారని చెప్పబోతే, వినేవాళ్ల ముఖాలు ఇంకా బిగుసుకుంటాయి. అందుకని నేనూ నవ్వి ఊరుకునేదాన్ని.

మా చర్చి సంఘ పెద్ద ఒక గ్రానైట్ పాలిష్ యూనిట్లో సూపర్‌వైజరు. మా ఆయనకు డెంగీ వచ్చినప్పుడు మూడు రోజులు ఆస్పత్రి వరండాలో మాతోపాటు కూర్చున్న మనిషి. పోయిన ఏప్రిల్లో ఆయన మా ఇంటికొచ్చి, "ఈసారి వీబీఎస్‌లో సృష్టి పాఠం మీరే చెప్పాల సిస్టర్. మీరు సైన్సు టీచరు. మీరు చెప్తే పిల్లోళ్లు నమ్ముతారు" అన్నాడు. వీబీఎస్ అంటే ఎండాకాలం సెలవుల్లో చర్చిలో పిల్లలకు వారం రోజులు జరిగే బైబిలు బడి. పాటలు, కథలు, చేతిపనులు, మధ్యలో మజ్జిగ. ఇన్నేళ్లలో నాకు మజ్జిగ పని తప్ప ఇంకోటి ఇవ్వని వాళ్లు ఒక్కసారిగా పాఠమే చేతిలో పెడితే నాకు అనుమానం రాదా? నాకు పరీక్ష పెడుతున్నారనే అనుకున్నాను.

అదే నెలలో ఇంకో విషయం నడుస్తోంది. మా బళ్లో పదో తరగతి పాసైన ఒక అమ్మాయి ఇంటర్‌లో బైపీసీ చదువుతానని పట్టు పట్టింది. మదనపల్లెలో హాస్టలున్న కాలేజీ చూసి, అప్లికేషను నేనే నింపించాను. తల్లి సంతకం ఒక్కటే తక్కువ. తండ్రి లేడు. తల్లి ఆ సంఘ పెద్ద యూనిట్లోనే రాళ్లకు పాలిష్ పట్టే పని చేస్తుంది. చర్చిలో చివరి వరసలో కూర్చుంటుంది, ఎక్కువ మాట్లాడదు. సంతకం అడిగితే, "వీబీఎస్ కానీండి మేడమ్. అది అయినాక చెప్తా. లేకుంటే నాతోబాటు పనికి తోడుకొనిపోతా" అంది.

కాలేజీ అప్లికేషనుకూ వీబీఎస్‌కూ ఏం సంబంధం? అమ్మాయిని గుచ్చి గుచ్చి అడిగితే అసలు సంగతి చెప్పింది. "మా అమ్మ మీరు చెప్పిన నోట్సు రోజూ సదివించుకుంటాంది మేడమ్. బళ్లో మీ మేడమ్ ఇట్లనే చెప్పిందా, ఇదే మాట చెప్పిందా అని అడగతాది."

అంతకు రెండు వారాల ముందే సంఘ పెద్ద ప్రార్థన కూటంలో నిలబడి, బయాలజీ చదివిన పిల్లలు చర్చికి రావడం మానేస్తున్నారని కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఆయన కింద పనిచేసే మనిషి నా నోట్సు చదివించుకుంటోంది. రెండూ కలిపి చూసుకుంటే నాకు లెక్క తేలిపోయింది. ఈమె నా మీద నిఘాకు ఆయన పెట్టిన మనిషి. నా పాఠం వాళ్లకు నచ్చకపోతే ఆ పిల్ల చదువు పోయి పాలిష్ మిషను దగ్గర కూర్చుంటుంది. ఆ రోజు నుంచి చర్చిలో నేను దేవుడి మాట విన్నది తక్కువ, వెనక్కి తిరిగి ఆమెను చూసింది ఎక్కువ.

మే నెలలో బెంగళూరు నుంచి ఒక ట్రైనర్ వచ్చి మాకు ఒక పూట శిక్షణ ఇచ్చాడు. లోకాన్ని బైబిలు దృక్పథంతో చూడడం పిల్లలకు నేర్పాలన్నది ఆయన పాఠం. దానికి అట్టముక్కతో చేసిన కళ్లజోళ్లు తెచ్చాడు, అద్దాల చోట ఆకుపచ్చ గాజు కాగితం. పెట్టుకుంటే అంతా పచ్చగా కనిపిస్తుంది. నేనూ పెట్టుకుని చూశాను. ఎదురుగా ఒకామె కట్టుకున్న ఎర్రచీర నల్లగా కనిపించింది. ఆ మాటే చెబితే ఆయన, "అదే కదా పాయింటు సిస్టర్" అన్నాడు. అది ఎవరి పాయింటో నాకు అర్థం కాలేదు గానీ మళ్లీ అడగలేదు.

శిక్షణ అయ్యాక సంఘ పెద్ద ఒక గోనెపట్టా విప్పాడు. అందులో టిఫిను ప్లేటంత గ్రానైటు పలక. ఒకవైపు గరుకు మొహం మీద నల్లటి గుర్తు, సన్నటి ఈనెలు, చిన్న చిన్న కొమ్మలు, అచ్చం ఫెర్న్ ఆకే. "నోవహు జలప్రళయంలో అణిగిపోయిన ఆకు సిస్టర్. దేవుడు మన యూనిట్లోనే చూపించినాడు" అంటూ పలకను రెండు చేతులా పైకెత్తాడు. చుట్టూ ఉన్నవాళ్లు స్తోత్రం అన్నారు.

నేను నా అలవాటు ప్రకారం బొటనవేలు తడిచేసి రుద్దాను. ఇంకు కాదు. ఇంకు కాకపోయినా అది ఆకు కాదని నాకు అప్పుడే తెలుసు. గ్రానైటు ఒకప్పుడు భూమి లోపల కరిగి మరుగుతూ ఉండి, తర్వాత చల్లారి గట్టిపడిన రాయి. అందులో ఆకు పడితే బూడిద కూడా మిగలదు. అది జలప్రళయానికీ సాక్ష్యం కాదు, నేను బళ్లో చెప్పే లక్షల ఏళ్లకూ సాక్ష్యం కాదు. ఇదంతా మనసులో అనుకున్నాను. నోటితో మాత్రం, "చాలా బాగుందన్నా" అన్నాను. పాఠంలో దీన్నే చూపించమని ఆయన పలక నాకిచ్చి పంపాడు.

మా నాన్న మదనపల్లెలో ఒక ఆస్పత్రిలో కఫం పరీక్షలు చేసేవాడు. తెల్లవారుజామున బైబిలు, పొద్దెక్కాక మైక్రోస్కోపు. దేవుడు ఆరు రోజుల్లో చేశాడా, ఒక్కో రోజూ వెయ్యేళ్లా అని మా చిన్నప్పుడు చుట్టాలు గొంతులు చించుకుంటుంటే, "నేను ఆడ లేను కదప్పా" అని కాఫీ తాగేవాడు. కానీ ల్యాబు రిజిస్టరులో మాత్రం క్షయ క్రిమి కనిపిస్తే కనిపించిందని, కనిపించకపోతే లేదని రాసేవాడు. ఒకసారి పాస్టరుగారి తమ్ముడి ఉద్యోగం కోసం కొంచెం మార్చి రాయమంటే, రాయనని కుర్చీలోంచి లేచి నిలబడ్డాడట. ఆయన కూతుర్ని నేను. పలక చేతిలో పట్టుకుని రెండు రాత్రులు మాటలు వెతుక్కున్నాను, నిజం చెప్పడానికి కాదు, తప్పించుకోవడానికి.

వీబీఎస్‌లో మూడో రోజు నా పాఠం. అరవైమంది పిల్లలు, అందరికీ పచ్చ కళ్లజోళ్లు. వెనక సంఘ పెద్ద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తలుపు దగ్గర ఆ తల్లి మజ్జిగ గ్లాసులు సర్దుతోంది, చూపు నా మీదే ఉంది. నేను పలక ఎత్తి చూపించి, "పెద్దలు దీన్ని జలప్రళయం నాటి ఆకు అంటున్నారు. ఎంత బాగుందో చూడండి" అన్నాను. అంటున్నారు అన్నాను, నేను అంటున్నాననలేదు. ఆ గోడమీది పిల్లి మాట కుదిరినందుకు లోలోపల గర్వపడ్డాను కూడా. పిల్లలు చప్పట్లు కొట్టారు. సంఘ పెద్ద కళ్లు తుడుచుకున్నాడు. ఆ తల్లి మాత్రం తల దించుకుని గ్లాసులు కడగడం మొదలుపెట్టింది.

సాయంత్రం ఆమె మా ఇంటికి వచ్చింది. చేతిలో గుడ్డసంచీ. లోపలికి రమ్మంటే రాలేదు, మెట్టు మీద కూర్చుంది. "చెంబుడు నీళ్లు ఇస్తారా మేడమ్" అంది. దాహం అనుకుని తెచ్చాను. ఆమె తాగలేదు. సంచీలోంచి ఒక రాతిముక్క తీసి మెట్టు మీద పెట్టింది. దాని మీద కూడా అలాంటి నల్లటి ఆకే ఉంది. నీళ్లు పోసి, పాలిష్‌కు వాడే గరుకు రాయితో పదిసార్లు రుద్దింది. ఆకు నల్లటి నీళ్లయి మెట్టు మీంచి కారిపోయింది.

"పన్నెండేండ్లుగా రుద్దతాండాను మేడమ్. బండ చీలిన తావున నీళ్లు దిగితే ఇట్ల మచ్చ అయితాది. ఆకూ లేదు, కొమ్మా లేదు."

"మరి ఆయనకు తెలీదా?"

"ఆయప్ప గాజు రూములో కూసోనుంటాడు. మెరిసినాకే రాయి ఆయప్ప కంట పడతాది. ఈ బండ లారీలోనించి దించేటప్పుడు పగిలింది. ఆయప్ప సూసి ఏడ్సినాడు. ఏడ్సే మనిషికి యాల చెప్పేదని ఊరికున్నా. మీరు సదువుకున్నోళ్లు, మీరు చెప్తారనుకున్నా."

మరి నా నోట్సు ఎందుకు చదివించుకుంటున్నావని అడిగాను.

"బళ్లో చెప్పేది, ఈడ చెప్పేది ఒకటేనా కాదా అని సూస్తాండా. నా బిడ్డ దేవుణ్ణి ఇడిసిపెడ్తాదని నాకు బయం లేదు మేడమ్, దాని ప్రార్థన నాకు తెలుసు. సదువుకున్నాక కంటికి కనిపించింది నోటితో చెప్తాదా లేదా అనేదే నా బయం. మీరే చెప్పలేకపోతే ఇంక అదేం చెప్తాది? దానికన్నా పాలిష్ పనే మేలు. ఆడ రాయి ఎట్లుంటే అట్లే కనిపిస్తాది."

అప్లికేషను తీసి నా పక్కన పెట్టింది. సంతకం చోటు ఖాళీగానే ఉంది. నెల రోజులుగా ఈమెను ఇంకొకరు పెట్టిన మనిషి అనుకున్నాను. తన బిడ్డను ఎవరి చేతిలో పెడుతున్నానో చూసుకునే తల్లి అని ఒక్కసారైనా తోచలేదు.

"రేపు చెప్తాను" అన్నాను. ఆమె రుద్దుడు రాయిని నా చేతిలో పెట్టి, "నా పేరు మాత్రం ఎత్తొద్దండి మేడమ్. నాకు ఆడనే కూడు" అని వెళ్లిపోయింది.

నాలుగో రోజు పాటలు అయ్యాక ఎవరినీ అడక్కుండా ముందుకు వెళ్లాను. పలక, చెంబుడు నీళ్లు, ఆ గరుకు రాయి బల్ల మీద పెట్టాను. "నిన్న నేను మీకు నిజం చెప్పలేదు. ఇది ఆకు కాదు" అని రుద్దడం మొదలుపెట్టాను. పిల్లలు కళ్లజోళ్లు తీసేసి బల్ల చుట్టూ మూగారు. సగం పోయాక ఆపాను, మిగతా సగం వాళ్లు చూసుకోవాలని. ఒక చిన్నపిల్ల, "అయితే దీన్ని దేవుడు చెయ్యలేదా టీచర్?" అని బిక్కమొహం పెట్టింది.

"రాయిని దేవుడే చేశాడని నేను నమ్ముతాను. ఎన్ని రోజుల్లో చేశాడంటే, అప్పుడు నేను అక్కడ లేను. ఇది మచ్చ అని మాత్రం నాకు తెలుసు" అన్నాను.

సంఘ పెద్ద నెమ్మదిగా ముందుకొచ్చి పలక తీసుకున్నాడు. సగం ఆకును వేలితో తడిమాడు. మోసగాడైతే నాకు తేలికగా ఉండేది. ఆయన నిజంగానే నమ్మాడు.

"ఇది మీకెవురు చెప్పినారు సిస్టర్?"

"గ్రానైటులో ఆకులుండవని పుస్తకాల్లోనే ఉందన్నా."

"రుద్దితే పోతాదని పుస్తకంలో ఉండాదా?" అంటూ బల్ల మీది గరుకు రాయి చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. అలాంటి రాయి బజారులో దొరకదు. తర్వాత తలుపు దగ్గర మజ్జిగ పోస్తున్న ఆడవాళ్ల వైపు తిరిగాడు. ఆమెతో సహా నలుగురూ ఆయన యూనిట్లో పనిచేసేవాళ్లే. ఒక్కొక్కరి మొహం మీదా చూపు ఆపి, చూసి, పక్కకు జరుగుతున్నాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. నెల రోజులు నేను ఆమెను చూసిన చూపే అది.

"ఎవరూ చెప్పలేదన్నా. ఆ రాయి నేనే పోయి మీ యూనిట్ బయట చెత్తలోంచి ఏరుకొచ్చాను" అన్నాను.

ఆయన నమ్మాడో లేదో తెలియదు. ఈ ఏడు మళ్లీ నాకు మజ్జిగ పనే ఇచ్చారు. ఆమె ఇంకా అదే యూనిట్లో పాలిష్ పడుతోంది, ఆమె కూతురు మదనపల్లెలో బైపీసీ చదువుతోంది. పిల్లల ముందు నిజం చెప్పిన ఐదు నిమిషాలకే చర్చిలో నిలబడి నేనాడిన ఆ పచ్చి అబద్ధానికి మాత్రం దేవుణ్ణి ఇంకా క్షమాపణ అడగలేదు.