మాస్టారు ఆపించిన గోడ

ఇళ్ల ప్లాన్లు గీసే ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి, వారం తిరక్కుండానే తన ప్లాన్‌లో మెట్ల కొలత తప్పిందని గమనించింది. చెబితే ఉద్యోగం ఊడుతుందేమోనని కిక్కురుమనలేదు.

ఆ మధ్యాహ్నమే, ముప్పై ఏళ్లుగా అక్కడ గీతలు గీస్తున్న పెద్దాయన, అందరూ మాస్టారని పిలిచే మనిషి, తన ప్లాన్ పట్టుకుని యజమాని బల్ల దగ్గరికి వెళ్లాడు.

"ఈ గోడ తప్పు గీశాను సార్. కట్టడం మొదలెట్టకముందే ఆపించండి," అన్నాడు, అందరూ వింటుండగానే. యజమాని గబగబా ఫోన్ అందుకున్నాడు.

అమ్మాయి నోరెళ్లబెట్టి చూసింది. ఆయన తిరిగొచ్చాక, "భయం వెయ్యలేదా మాస్టారూ?" అంది.

"ఎందుకెయ్యదమ్మా! కానీ ఆ ఇంట్లో మనుషులు ఉంటారు కదా."

అంతటి మనిషికి లేని నామోషీ తనకెందుకనుకుంది. ప్లాన్ తీసుకుని లేచింది.