బాయిలర్ అతుకు మీద ఒక నంబరు

ఎనుమాముల దగ్గర నాకు మోటారు వైండింగ్ షాపు ఉంది. చూసి నేర్చుకున్న పనే తప్ప చదివింది కాదు. మొన్న మరిపెడ నుంచి కాలిన మోటారు తెచ్చిన రైతు, "ఈ కరెంటు ఏడికెళ్లి వస్తదన్నా?" అని అడిగితే వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్ చూపించాను. ఆయన నవ్వుకుంటూ వెళ్లాడు. ముప్పై ఏళ్లుగా ఆ కరెంటుతోనే బతుకుతూ అంతకు మించి చూపలేకపోయినందుకు సిగ్గేసింది. ఆదివారం షాపు మూసి, భూపాలపల్లి దారిలోని బొగ్గు విద్యుత్ కేంద్రం చూడటానికి బయలుదేరాను.

హనుమకొండలో ఆరున్నరకు బస్సెక్కాను. టికెట్ నూట ఇరవై లోపే. పరకాల దాటాక పత్తి చేలు, ఆ తర్వాత టార్పాలిన్ కప్పిన బొగ్గు లారీలు కనిపించాయి. పొగగొట్టం చాలా దూరం నుంచే తెలుస్తుంది. ఎనిమిదిన్నరకు గేటు ముందు దిగాను. అనుమతి పత్రం లేనిదే పంపరని కాపలా మనిషి మర్యాదగానే చెప్పాడు. ముందే కనుక్కోకపోవడం నా తప్పు. గోడ వెంబడి నడుస్తూ, పెద్ద తీగలు టవర్ల మీదుగా పొలాలు దాటిపోవడం చూస్తూ పొద్దు గడిపాను.

పన్నెండింటికి గేటుకు ఎదురుగా ఉన్న రేకుల షెడ్డు మెస్‌కు వెళ్లాను. భోజనం తొంభై రూపాయలు. నడిపేది స్వరూప. ఆమె భర్త ఐలయ్య బాయిలర్ వెల్డరు. కరెంటు తయారుచేసే యూనిట్లలో ఒకదాన్ని ఏటా చేసే మరమ్మతు కోసం ఆపారనీ, బాయిలర్ గొట్టాలకు అతుకు వేసిన ప్రతి వెల్డరూ పక్కనే తనకిచ్చిన నంబరు ముద్ర కొట్టాలనీ ఆమె చెప్పింది. నిన్న పొద్దున గొట్టాల్లో నీళ్లు నింపి ప్రెషర్ పెడితే ఒక అతుకు చెమ్మగిల్లింది. దాని పక్కన ఐలయ్య నంబరు ఉంది. కోసి మళ్లీ వేశాడు. ఈరోజు రెండో పరీక్ష.

"మళ్ల చుక్క కారితే మేస్త్రి ఇంటికి తోలుతడు. ఒంటిగంటకు బువ్వకు రాకుంటే కారినట్టే," అంది.

ఒంటిగంట దాటింది. ఎవరూ రాలేదు. ఆమె అన్నం గిన్నె మూత తీసి, మళ్లీ పెట్టింది. నా భోజనం అయినా లేవాలనిపించలేదు. రెండు కావస్తుండగా మేస్త్రి, అతని మనుషులు వచ్చారు. చివర ఐలయ్య.

"పరీక్ష లేటైంది. అతుకు ఆగింది, చుక్క కారలే," అన్నాడు, చేతులు కడుక్కుంటూ. స్వరూప గిన్నె మూత తీసి అతనికి అన్నం వడ్డించింది.

అన్నం కలుపుకుంటూ అతనే మళ్లీ అన్నాడు: "మేస్త్రికి చెప్పిన. రేపటి సంది అతుకులు పెట్ట. గొట్టాల అంచులు అరగదీసే గ్రైండింగ్ చేస్త."

"ఆగిందంటివి గదా."

"ఇయ్యాల ఆగింది. నిన్నటి తప్పు చెయ్యిది కాదు, కన్నుది. దగ్గరిది మసకైతాంది."

"నాకు చెప్పకపోతివి."

"చెప్తే అద్దాలు కొనుక్కో అంటవు."

"మరి కొనుక్కో."

అద్దాలు పెట్టుకుని ఒక అతుకు వేసి చూపిస్తే మళ్లీ అతుకుల పనికి తీసుకుంటానన్నాడు మేస్త్రి. అప్పటిదాకా కూలి సగమేనని స్వరూప నాతో మెల్లగా అంది. భర్త పళ్లెంలో ఇంకో గరిటె పప్పు వేసింది. పరీక్ష నెగ్గి కూడా ఎందుకు తప్పుకున్నావని ఐలయ్యను అడిగాను.

"నీళ్లల్ల కారితే చుక్క, అన్నా. నడిచేటప్పుడు పగిలితే యూనిటే ఆగుతది."

మూడు గంటల బస్సులో కిటికీ పక్కన కూర్చుని టవర్లు చూశాను. ఇక్కడి కరెంటు వేరే కేంద్రాల కరెంటుతో కలిసిపోతుంది. నా షాపులో వెలిగేది ఎక్కడిదో ఎవరూ చెప్పలేరు. ఒక యూనిట్ ఆగితే ఆ బరువు మిగతావాటి మీద పడుతుంది, అవీ మోయలేకపోతే ఎక్కడో ఒక పొలంలో మోటారు ఆగుతుంది. ఆ రైతుకు ఐలయ్య ఎవరో ఎన్నటికీ తెలియదు. నాలాగా చూడటానికి వెళ్లాలనుకునేవారు కేంద్రం కార్యాలయానికి ముందుగా దరఖాస్తు పెట్టి, అనుమతి వచ్చాకే బస్సెక్కండి. మోటార్లకు సన్న తీగ చుట్టేటప్పుడు ఏడాదిగా నాకూ చూపు తడబడుతోంది. ఆ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. సోమవారం కంటి ఆసుపత్రికి వెళ్లి వచ్చాకే షాపు తెరిచాను.