ఎడమవైపు బల్లలు

చదువు పూర్తయ్యాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం నార్త్ డకోటాలో, ఒక చక్కెర ఫ్యాక్టరీ ల్యాబ్‌లో. ఆ ఊళ్ళో తెలుగువాళ్ళు లేరు. మిగతా రోజులు పనిలో గడిచిపోయేవి, ఆదివారాలే గడిచేవి కావు. మా ఇంట్లో అందరం లూథరన్‌లమే. అందుకని చక్కెర దుంపల పొలాల మధ్య రోజూ కనిపించే తెల్లటి లూథరన్ చర్చికి, ఒక ఆదివారం ధైర్యం చేసి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాను.

నార్వే నుంచి వలస వచ్చిన రైతులు కట్టుకున్న చర్చి అది. పైకప్పు బోర్లించిన పడవలా ఉంటుంది. గుమ్మం పక్కన గోడకు ఒక పాత ఫోటో వేలాడుతోంది. అందులో ఎడమవైపు బల్లల నిండా తలగుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ళు, కుడివైపు మగవాళ్ళు. అచ్చం గుంటూరు పక్క మా చర్చిలాగే. ప్రాణం లేచొచ్చి, నేరుగా వెళ్ళి ఎడమవైపు కూర్చున్నాను.

తరవాత వచ్చిన ముసలివాళ్ళంతా, ఆడా మగా అందరూ, కుడివైపు కూర్చున్నారు. ఎడమవైపు నేను ఒక్కదాన్నే. పొరపాటు అర్థమైంది గానీ, లేచి అటు మారితే అందరి తలలూ నావైపు తిరుగుతాయి. కదల్లేదు. మరుసటి వారం అక్కడే కూర్చున్నాను. ఆ తరవాత అదే నా చోటయింది. అక్కడ చలి ఎముకల్లోకి దిగేది. లోపలికి వచ్చేటప్పుడు అందరూ తల ఊపి నవ్వేవారు. ఇటు రమ్మని మాత్రం ఎవరూ పిలవలేదు. ఆఖరి పాట అవుతూనే బయటికి జారుకునేదాన్ని.

టెక్సస్‌లో, ప్లేనోలో ఉన్న నా స్నేహితురాలు ఫోన్‌లో మండిపడింది. "వాళ్ళకి నువ్వు అక్కర్లేదే బాబూ, ఇంకా అర్థం కాలేదా? ఇక్కడ తెలుగు చర్చి ఉంది, బిర్యానీ కూడా పెడతారు. వీకెండ్ ఫ్లైట్ బుక్ చేయనా?"

"ఇంకొక్క వారం చూస్తానే" అన్నాను. ఆ వారం కూడా ఇలాగే ఉంటే ఇక వెళ్ళకూడదని డైరీలో రాసుకున్నాను.

ఆ ఆదివారం ఆరాధన మధ్యలో మంచు తుఫాను మొదలైంది. ఆరాధన అయ్యాక కారు తీసే వీల్లేక, అందరి వెనకా మెట్లు దిగి కింది గదికి వెళ్ళాను. అక్కడ కాఫీ పోసే పెద్దావిడ నా చేతికి కప్పు ఇచ్చి, చాలాసేపు కిటికీలోంచి మంచునే చూసింది. చివరికి అడిగింది.

"అమ్మాయ్, అంత చలిలో అటెందుకు కూర్చుంటావు? ఇంధనం ఖర్చని ఆ వైపు హీటర్ ఎప్పుడో ఆపేశాం."

ఫోటో సంగతి చెప్పాను. ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది.

"మేమేమో నీకు ఏకాంతం ఇష్టమనుకున్నాం! పిలిస్తే ఇబ్బంది పడతావేమోనని ఊరుకున్నాం. మేమింతే. పెళ్ళికి ముందు ఏడాదంతా మా ఆయన నాతో వాతావరణం గురించి తప్ప ఇంకేం మాట్లాడలేదు."

నాకూ నవ్వొచ్చింది. ఆవిడే మళ్ళీ అంది.

"ఆ వైపు చివరిదాకా కూర్చున్నది మా నాయనమ్మ. ఆరాధన ఇంగ్లీషులోకి మారాక అందరూ కలిసి కూర్చోవడం మొదలుపెట్టారు. ఆవిడ మాత్రం కదల్లేదు. ఒక్కతే కూర్చుని నార్వే భాషలో గొణుక్కునేది."

"మీరు పక్కన కూర్చునేవారా?"

"లేదు. ఆ గొణుగుడు వింటే నాకు సిగ్గుగా ఉండేది" అని ఆవిడ కప్పులు కడగడానికి వెళ్ళిపోయింది.

మరుసటి ఆదివారం కుడివైపే కూర్చోవాలని దారంతా నాకు నేను చెప్పుకుంటూ వెళ్ళాను. తలుపు తీసేసరికి, ఎడమవైపు నా బల్ల మీద, కోటు బొత్తాలన్నీ పెట్టుకుని, ఒడిలో దుప్పటితో ఆ కాఫీ పెద్దావిడ కూర్చుని ఉంది. నన్ను చూసి కొంచెం లోపలికి జరిగింది. కుడివైపున్న వాళ్ళు మర్యాదగా పాటల పుస్తకాల్లోకి తలలు దించుకున్నారు.

పక్కన కూర్చున్నాను. నావైపు చూడకుండానే దుప్పటి సగం నా మోకాళ్ళ మీదికి లాగింది.

"చలిగా ఉంది" అన్నాను.

"అవును, గాలి కూడా ఉంది" అంది ఆవిడ.

ఆరాధన మొదలయ్యేదాకా మేము వాతావరణం గురించే మాట్లాడుకున్నాం.