చక్రాల్లేని డబ్బా

నా వేళ్ళు ఊరికే ఉండవు. బస్సులో కూర్చుంటే ముందు సీటు కడ్డీ మీద, అన్నానికి కూర్చుంటే కంచం అంచు మీద, పరీక్ష హాల్లో బెంచీ మీద ఏదో ఒకటి కొడుతూనే ఉంటాయి. "నీ చేతులకు దయ్యం బట్టిందానే" అని మా అవ్వ మొట్టికాయలు వేసేది. మేడ్చల్‌లో మా నాయినకు సౌండ్ సర్వీసు ఉండేది. ఇంట్లో మంచాల కన్నా స్పీకర్ బాక్సులే ఎక్కువ. వాటి మీదే కూర్చుని చదివాను, వాటి మీదే బట్టలు మడతపెట్టాను. అలాంటి ఇంట్లో పెరిగిన పిల్ల చేతులు ఊరుకోమంటే ఎలా ఊరుకుంటాయి?

రెండు వేల పన్నెండు ప్రాంతంలో మా అన్న ల్యాప్‌టాప్‌కు తగిలించే డీజే కంట్రోలర్ ఒకటి తెచ్చాడు. పీటంత వెడల్పు. అటొక చక్రం, ఇటొక చక్రం, మధ్యలో మీటలు. పాట మీదికి పాట ఎక్కించేటప్పుడు ఒకదాని తాళం దెబ్బ వెనకబడితే, దాని చక్రాన్ని వేలితో కొంచెం ముందుకు తోయాలి. ముందుకు పోయిందా, కొంచెం వెనక్కి లాగాలి. పని అంతే. చూసేవాళ్ళకు మాత్రం ఆ చక్రమే డీజే. పెళ్లి మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్ళు ఏ పాటలున్నాయని అడిగేవాళ్ళు కాదు, "సక్రాలున్నయా?" అని అడిగేవాళ్ళు. అన్న గుడ్డ తొలగించి, రెండూ గిర్రున తిప్పి చూపించేవాడు. వాళ్ళు తలాడించి ఖాయం చేసుకుని పోయేవాళ్ళు.

నన్ను మాత్రం దాన్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు.

"నీ చేతులు ఊకుండయ్ చెల్లె. ఖరాబ్ జేస్తవ్" అనేవాడు. నేనేమో కండ్లకోయలో ఇంజనీరింగ్ చదువుతూ రోజూ ల్యాబులో సర్క్యూట్లు విప్పి బిగిస్తున్నాను. నేను ఆ చక్రం ఖరాబు చేస్తానట! ఆ మాటకు నాకు ఒళ్ళు మండిపోయేది.

నా చేతికి వచ్చింది వేరే డబ్బా. అన్న ఎవరితోనో మార్పిడి చేసుకుని తెచ్చి, నచ్చక మూలన పడేశాడు. టిఫిన్ డబ్బా మూతంత ఉంటుంది. చక్రాలు లేవు, వరుసలుగా రబ్బరు బటన్లు ఉన్నాయి. అన్న దాన్ని క్యాలిక్యులేటర్ అని వెక్కిరించేవాడు. అయితే అలియాబాద్‌లో ఒక ముస్లిం పెళ్లికి పిలిచినప్పుడు అదే అక్కరకొచ్చింది. పరదా అవతల అందరూ ఆడవాళ్ళే, అన్న లోపలికి పోవడానికి లేదు. "గా డబ్బా తీస్కొని నువ్వు పో బిడ్డా" అన్నాడు నాయిన.

లోపల పెళ్లికూతురి ఖాలా, అంటే పిన్ని, ఢోలక్ పెట్టుకుని కూర్చుంది. ఆమె ఢోలక్‌ది ఒక తీరు నడక కాదు. నవ్వొస్తే ఉరుకుతుంది, పెళ్లికూతురి మొహం చూసి కళ్ళు తడిస్తే మెల్లబడుతుంది. ల్యాప్‌టాప్‌లో ఒక మీట నొక్కితే పాటకు పాట దానంతటదే కలుస్తుంది, నిజమే, కానీ దానికి ఢోలక్ వినిపించదు కదా. డబ్బా చివర రెండు చిన్న బటన్లుండేవి. ఒకటి నొక్కి పట్టుకున్నంతసేపు పాట కొంచెం ఉరుకుతుంది, రెండోది పట్టుకుంటే కొంచెం నిదానిస్తుంది. చక్రం చేసే పనే, చక్రం లేకుండా. నా కంగారులో పాట ఒక దిక్కు పోయింది, ఢోలక్ ఒక దిక్కు పోయింది. ఖాలా వాయించడం ఆపి నా వైపు చూసింది.

"ముంగట ఉరుకకు బేటీ. నా చేతులు చూడు, వాటి వెంబడి రా. పరేషాన్ గాకు."

చూశాను. ఆ మధ్యాహ్నం పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నా బొటనవేళ్ళకు సరైన పని దొరికింది. అప్పటి నుంచి శామీర్‌పేట వైపు పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళ భాగం నాదే అయింది. సంతోషమే, కాదనను. కానీ నాకు కావాల్సింది పరదా లోపల కాదు. ఊరేగింపులో, బండి మీద, అందరూ చూస్తుండగా నిలబడి వాయించాలి. నాయినను అడిగితే, "ఆడపిల్ల డీసీఎం బండి ఎక్కి నిలవడితే ఊరోళ్ళు ఏమంటరో ఎర్కేనా?" అనేవాడు. ఏమంటారో నాకు తెలియదు. అసలు ఎవరినైనా అడిగాడా అన్నదీ తెలియదు.

రావల్కోల్‌లో బోనాలకు మమ్మల్ని పిలిచారు. ముందు రోజు పెళ్లిలో ఎవరో షర్బత్ గ్లాసును అన్న కంట్రోలర్ మీద బోర్లించారు. ఎంత తుడిచినా లాభం లేకపోయింది. ఎవరూ ముట్టకపోయినా ఎవరో చెయ్యి పెట్టినట్టే ఒక చక్రం పాటను ఆపేస్తుంది, రెండోది వణికిస్తుంది. అన్న పొద్దున్నే దాన్ని విప్పాడు, ఊదాడు, తిట్టాడు. చివరికి మూలనున్న నా డబ్బా వైపు చూశాడు. దాని మీద అతనికి చెయ్యి తిరగదు. మూలన పడేశాక మళ్ళీ ముట్టుకున్నది లేదు.

నాయిన ఉపాయం ఆలోచించాడు. బండి నడిపేది నాయినే. ఆయన పక్కన క్యాబిన్‌లో ల్యాప్‌టాప్, డబ్బా పెట్టుకుని నేను కూర్చోవాలి. వైరు వెనక్కి యాంప్లిఫయర్‌కు పోతుంది. పైన అన్న మైకుతో, పనిచేయని ఆ చక్రాలతో నిలబడతాడు. లైట్లు వెలుగుతాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పాట కావాలంటే అన్న క్యాబిన్ టాపు మీద రెండు దెబ్బలు కొట్టాలి.

"మరి నేను?" అన్నాను.

"నువ్వేంది? నువ్వే కదా వాయించేది" అన్నాడు నాయిన. నేనడిగింది అది కాదని ఆయనకూ తెలుసు.

బండి నడక వేగంతో కదిలింది. బాక్సులు వెనక్కి తిరిగి ఉన్నాయి. బండి వెనకే దప్పుల వాళ్ళు, ఎగిరే పిల్లలు, ఆ వెనక నెత్తిన బోనాలతో ఆడవాళ్ళు. నాకు వాళ్ళెవరూ కనపడరు. నా కిటికీ పక్కనున్న అద్దం నాయినకు అనువుగా తిప్పి ఉంది, నాకు అందులో వేపచెట్లు తప్ప ఏమీ కనిపించలేదు.

"అద్దం జర ఇటు తిప్పుకుంట నాయినా. దప్పులోళ్ళ చేతులు కనవడ్తలేవు."

"ముట్టకు. పోరగాండ్లు బండి కిందికి వస్తున్నరా లేదా నేను సూడొద్దా?"

మెడ చాచాను, సీట్లో సగం లేచాను, తల కిటికీకి ఆనించాను. ఎలా కూర్చున్నా కుదురు లేదు. చివరికి కళ్ళు మూసుకుని చెవులతోనే పట్టుకున్నాను. దప్పులు తీన్మార్ ఎత్తుకున్నాయి. ఎండకు తోలు బిగిసి దెబ్బ చురుగ్గా పడుతోంది, చేతులు వేడెక్కిన కొద్దీ ఉరుకుతోంది. నా బొటనవేలు వాటి వెంట పోయింది. వాళ్ళు ఉరికితే ఉరికాను, వాళ్ళు ఊపిరి పీల్చుకుంటే ఆగాను. కాసేపటికి పాట ఏదో దప్పు ఏదో నాకే తేడా తెలియలేదు.

సరిగ్గా అప్పుడే వెనక నుంచి కేకలు వినిపించాయి.

"అన్న చెయ్యి సూడుండ్రి! దప్పు ఎటు వోతే సక్రం గటే వోతాంది!"

గుడి ముందు బండి ఆగింది. పాట ఆపాను. ఊరి పెద్దమనిషి ఒకాయన అన్నను మెచ్చుకుంటూ మెడలో కండువా వేస్తున్నామనడం మైకులో వినిపించింది. దప్పుల పెద్దాయన గొంతు కూడా వినిపించింది. "ఇన్నేండ్లల్ల నా దెబ్బను ఇట్ల అందుకున్నోడు లేడు బిడ్డా. ఇంకొక్కటి వాయిద్దాం, నువ్వు నేను." నేను కూర్చున్నచోటే ఎదురుచూశాను. అన్న ఇప్పుడు చెబుతాడు. ఒక్క మాట చాలు, మా చెల్లె అని. అన్న నవ్వాడు. "మీ ఆశీర్వాదం పెద్దయ్యా" అన్నాడు.

టాపు మీద రెండు దెబ్బలు పడ్డాయి.

నేను బటన్ నొక్కలేదు. జీవితంలో మొట్టమొదటిసారి నా వేళ్ళు కదలకుండా ఊరుకున్నాయి. మళ్ళీ రెండు దెబ్బలు. దప్పు మొదలైంది, పాట లేదు. పైన అన్న చక్రం తిప్పుతూనే ఉండి ఉంటాడు. జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. నాయిన నా వైపు తిరిగి, "ఏందే గిది" అన్నాడు పళ్ళ బిగువున. నేను చేసింది తప్పని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను.

మూడోసారి టాపు దడదడలాడింది. అన్న కంగారులో చేతిలో మైకు ఉన్న సంగతే మరిచిపోయాడు.

"చెల్లే! షురూ చెయ్యవే! నువ్వు వాయించకుంటే నా ఇజ్జత్ వోతది!"

ఆ మాట పెద్ద బాక్సుల్లోంచి ఊరంతా వినిపించింది. దప్పు ఆగిపోయింది. వెంటనే నవ్వులు, ఈలలు, బండి వైపు ఉరికి వచ్చే కాళ్ళ చప్పుడు. బోనమెత్తిన ఒకామె వచ్చి కిటికీలోంచి తొంగిచూసింది. నా ఒళ్ళో డబ్బా చూసింది, నన్ను చూసింది. వెనక్కి తిరిగి, "ఆడివిల్లనే! గిదే వాయిస్తాంది!" అని అరిచింది. ఆమె గొంతులో తప్పుపట్టడం లేదు. ఇంకొందరు ఆడవాళ్ళు వచ్చి కిటికీ దగ్గర గుమిగూడారు, ఒకామె చెయ్యి లోపలికి పెట్టి నా చెంప నిమిరింది.

నాయిన వైపు ఓరకంట చూశాను. ఆయన స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి, ముందుకే చూస్తూ చాలాసేపు అలాగే కూర్చున్నాడు. ఊరోళ్ళు ఏమంటారోనని ఇన్నాళ్ళూ భయపడ్డ మాట వినడానికే ఆగాడనుకుంటాను. బయట ఆడవాళ్ళు "వాయించు బిడ్డా" అంటున్నారు. అంతకు మించి ఎవరూ ఏమీ అనలేదు.

గుడి చుట్టూ తిప్పడానికి నాయిన గేరు వేసి, తన వైపు కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కి చూసుకున్నాడు.

"అద్దం నీ దిక్కు తిప్పుకో బిడ్డా" అన్నాడు. "పోరగాండ్లను నేను గిట్ల సూసుకుంట."