పట్టుగూళ్ల పరమాణువు

నా చిన్నప్పుడు నాకు పరమాణువును పరిచయం చేసింది మా చిన్నమ్మ. ఆమె తిరుపతిలో ఫిజిక్స్ చదువుతూ సెలవులకు పుంగనూరు వచ్చేది. సూర్యుడి చుట్టూ గ్రహాలు తిరిగినట్టే, కంటికి కనపడని ఆ కణంలో ఎలక్ట్రాన్లు తిరుగుతుంటాయని చెప్పింది. ఆమె మాటంటే నాకు వేదవాక్కు. కూర్చున్న గడపలో, తింటున్న ముద్దలో, అన్నింట్లోనూ గిరగిరా ఏదో తిరుగుతున్నట్టే ఉండేది నాకు.

మదనపల్లెలో బడిపిల్లలకు సైన్స్ ప్రదర్శన పెడితే ఇద్దరం కలిసి నమూనా చేశాం. మధ్యలో బంకమట్టి ఉండ, చుట్టూ వంచిన తీగలకు మా ఇంట్లో పండిన పట్టుగూళ్లు. తీగలు వంచింది ఆమే.

చూడవచ్చిన పెద్దాయనకు నేను గుక్క తిప్పుకోకుండా అంతా అప్పజెప్పాను. నిజంగానే ఇట్లా తిరుగుతాయా అని ఆయన అడిగారు. అవునన్నాను.

పక్కనే ఉన్న చిన్నమ్మ, "లేదు సార్, అట్ల తిరగవు. ఈ బొమ్మ ఎప్పుడో పాతబడింది. పిల్లకి అర్థమవుతాదని చెప్పినా," అంది.

ఆయన తలూపి పక్క బల్లకు వెళ్లిపోయారు. నా మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

తిరుగు బస్సులో నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. చిన్నమ్మ నమూనాలోంచి ఒక గూడు పీకి నా చెవి దగ్గర ఆడించింది. గూళ్లు దించే ముందు మా ఇంట్లో అందరూ చేసే పనే అది. లోపలి పురుగు గలగలమంటే గూడు సిద్ధమైనట్టు లెక్క.

"లోపల యెట్లుండాదో సూసినావా? సప్పుడు బట్టే గదా చెప్తాం. సైన్సూ అంతేనమ్మా. సప్పుడుకు సరిపొయ్యే బొమ్మ గీసుకుంటాం. సరిపోకుంటే ఇంకోటి గీస్తాం."

"మరి నాకు ముందే యాల చెప్పలేదు?"

"చెప్పుంటే నీకింత ఇష్టం పుట్టేదా?"

ఆ మాటకు నాకు ఇంకా మండింది.

ఆ ఇష్టంతోనే నేనూ ఫిజిక్స్ చదివాను, ఏళ్లతరబడి పాఠం చెప్పాను. బోర్డు మీద పరమాణువు గీసిన ప్రతిసారీ, ఇది మనం ఊహించుకున్న బొమ్మే, అది ఇలా ఉండదు అని ముందే చెప్పేదాన్ని. కొందరు పిల్లల మొహాలు వాడిపోయేవి. అయినా మానలేదు.

బొమ్మ తప్పయినందుకు నాకిప్పుడు బాధ లేదు. కానీ మా చిన్నమ్మ నిజాన్ని ముక్కూమొహం తెలియని ఆయనకు ముందు చెప్పింది. నాకు చెప్పలేదు. అది మాత్రం ఈ వయసులోనూ మింగుడుపడదు.