వైకుంఠరావుకి వైరు పడదు

మా బావ వైకుంఠరావుకి వైరు పడదు. కొందరికి వంకాయ పడనట్టు, ఆయనకి నేల మీద పాకే వైరు పడదు. కనబడిందా, తింటున్న అన్నం వదిలేసి లేస్తాడు. అసలు ఆయన కూర్చుని తినడమే అరుదు. పలాసలో కంప్యూటర్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్న మనిషికి ఇదేం జబ్బో మాకు అర్థమయ్యేది కాదు.

సంతబొమ్మాళిలో పెళ్ళికి వెళ్తే, మంత్రాల మధ్యలో మైకు వైరు పీకేసి పందిరి రాటల మీంచి తిప్పి కట్టాడు.

"బావా, ముహూర్తం దాటిపోతంది!"

"తాళి కట్టడానికి మైకెందుకు?" అన్నాడు.

మా ఊరు బారువలో కంప్యూటర్ క్లాసులోనూ అంతే. నేల మీది వైర్లన్నీ కప్పుకి వేలాడదీశాడు. మాస్టారు తలెత్తి చూసి, ఇది క్లాసా, కొబ్బరితాళ్ళ మిల్లా అని అడిగారు.

2008లో మా ఊరి చేపల సొసైటీకి ఒక పాత కంప్యూటర్ వచ్చింది. దాని మీద పని మా వీధిలోని కళ్యాణికి ఇస్తామన్నారు. పోలియో వచ్చిన కాలు, చంకల్లో కర్రలు, అయినా చురుకైన పిల్ల. శనివారం సాయంత్రానికి నెట్ రాకపోతే కంప్యూటర్‌నీ ఉద్యోగాన్నీ పలాసకి మార్చేస్తానన్నాడు మత్స్యశాఖ ఆఫీసరు. రోజూ బస్సులు మారి పలాస వెళ్ళడం కళ్యాణి వల్ల కాదు.

నెట్ ఉన్నదేమో వీధికి అవతల, బొడ్డమ్మ ఎస్టీడీ బూతులో. ఆ ముసలి కంప్యూటర్‌కి వైరు తప్ప గాలిలో నెట్ అందుకునే యోగం లేదు. పైనుంచి వైరు లాగితే కొబ్బరి మట్టలు పడి తెగుతుంది.

"గుమ్మంలోంచి నేల మీద ఏసెయ్ బావా, సిటికెలో పని."

"నోర్ముయ్!" అన్నాడు, అప్పటికే నిచ్చెన ఎక్కేస్తూ.

రెండు డబ్బాలు తెచ్చి, ఒకటి బూతు డాబా మీద, ఒకటి సొసైటీ కప్పు మీద వెదురు గెడలకి కట్టాడు. కంప్యూటర్ వైరు గోడ వెంట పైకెళ్ళి ఇక్కడి డబ్బాలో దూరుతుంది. ఈ డబ్బా ఆ డబ్బాతో గాలిలో మాట్లాడుతుంది. పాపం కంప్యూటర్ మాత్రం వైరు బూతుదాకా ఉందనే అనుకుంటుంది.

నెట్ వచ్చింది. మేం చప్పట్లు కొట్టేలోగా పోయింది. బావ నిచ్చెన దిగాడు, ఎక్కాడు, మళ్ళీ దిగాడు. ఇంతలో ఆఫీసరు జీపు వచ్చి ఆగింది. కళ్యాణి మొహంలో నెత్తురు చుక్క లేదు.

బావ పరుగున వీధి దాటి బూతు డాబా ఎక్కి కెవ్వుమన్నాడు. మా ఊళ్ళో గెడ నిలబెడితే చేపలు ఎండేసుకోవడానికే అనుకుంటారు. బొడ్డమ్మ డబ్బా చుట్టూ తడి చేపలు దండలు దండలుగా వేలాడదీసింది.

"ఏటి సేసినావప్పా!"

"ఏటి సేసినాను? గెడ ఊరికే నిలబడుంది గదాని ఏసినాను. నీ డబ్బాకి నీసు పడదేటి?"

"పడదు!"

"మరి ముందే సెప్పాల గదరా!"

బావ ఆ దండలన్నీ తీసి మెళ్ళో వేసుకుని, అలాగే సొసైటీకి వచ్చాడు. నెట్ వచ్చింది. ఈసారి పోలేదు. ఆఫీసరు ముక్కు మూసుకుని, ఉద్యోగం ఇక్కడే అన్నాడు.

కళ్యాణి కిందికి చూడకుండా గుమ్మం దాటి వెళ్ళి కుర్చీలో కూర్చుంది.

"మావా, నానెక్కడికెల్లినా కర్రకి వైరు అడ్డం రాదు. ఆ పెల్లిలో అచ్చింతలెయ్యడానికెల్లినా, కంప్యూటర్ కలాసుకెల్లినా. నా అదురుట్టం సూడు!"

నిజమే, పెళ్ళిలోనూ, క్లాసులోనూ ఈ పిల్ల ఉంది. నాకు బావ మీద ప్రేమ పొంగుకొచ్చింది, ఆ చేపల కంపుతో సహా.

"నీ అదురుట్టమే మరి" అన్నాడు బావ, ఎటో చూస్తూ. ఆ చూపు ఆఫీసరు కోసం అప్పుడే ఎవరో తెచ్చి పెట్టిన టేబుల్ ఫ్యాను వైరు మీద పడింది. గుమ్మానికి అడ్డంగా నేల మీద పాకుతోంది. బావ అడగకుండానే పీకేశాడు.

ఆఫీసరు చెమటలు కక్కుతూ కేకలేస్తున్నాడు. నేను ఈసారి నోరు మూసుకుని నిచ్చెన పట్టుకున్నాను.