లోపలి గుడ్డ

గుడియాత్తంలో మాకు మగ్గాలుండేవి. ఎన్నికలొస్తే రెండు పార్టీల వాళ్లూ, మా ఊరి మాటలో రెండు కట్చిల వాళ్లూ, తమ రంగుల అంచు పంచెలు మా నాయన దగ్గరే నేయించుకునేవాళ్లు. ఒకరి అంచు ఇంకొకరి కంట పడకూడదని నాయన రెండు వాకిళ్లు, రెండు అటకలు పెట్టుకున్నాడు.

నేను అప్పుడు వేలూరులో ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నాను. కాట్పాడి దాకా రైలు, ఆపైన బస్సు. ఆడపిల్లకు ఈ తిరుగుడేమిటని మా అత్త నాయన చెవిలో ఊదింది. నాయన ఒక్క మాటతో తేల్చేశాడు.

"ఈసారి మగ్గాలకిచ్చే అంచుల పట్టిక నువ్వు కంప్యూటర్లో తియ్యి. సరిగ్గా ఉంటే చదువు ముగించుకో. లేదంటే వచ్చే నెల నించి ఇంటికాడ ఉండు."

"అదేం బ్రహ్మవిద్యా!" అని ఎగిరాను. నా నోరే నాకు శత్రువు.

ఒక్కో పంచెకు కొలత, నూలు, అంచు. అంచులో రంగులు, రంగుకిన్ని పోగులు. ప్రోగ్రాంలో ఇదంతా డబ్బాలో డబ్బా, అందులో ఇంకో డబ్బా. వాటిని పట్టుకునేది రెఫరెన్సులతో. మొదటి పార్టీ పంచె రాసి, దాన్నే రెండో పార్టీకీ ఇచ్చి, వాళ్లడిగినట్టు రెండోదాని అంచు నడుమ తెలుపు చేర్చాను. కాగితం తెచ్చి దర్జాగా నాయన ముందు పెట్టాను.

"అయ్యో, మొదటి కట్చి వాళ్లకీ తెలుపు వచ్చేసిండాదే! ఇది నేసిస్తే నన్ను ఊళ్లో ఉండనిస్తారామ్మా?"

సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడు మా మాస్టారు, రెఫరెన్సంటే వస్తువు కాదు, అదెక్కడుందో చెప్పే గుర్తు మాత్రమే అన్నారు. రెండో పార్టీకి విడిగా కొత్త పంచె చేశాను. కొలతలు వేరుపడ్డాయి. తెలుపు మాత్రం రెండింట్లోనూ అలాగే కూర్చుంది! పట్టిక మగ్గాలకివ్వడానికి నాయన పెట్టిన గడువు ఇక రెండు రోజులే. నూలు గదిలో కూర్చుని ఏడుస్తుంటే నాయన వచ్చి పక్కన చతికిలబడ్డాడు.

"యాడ తప్పు పోయినాదో నాకు అర్థమయ్యేట్టు చెప్పు."

ఆయన పద్ధతిలోనే చెప్పాను. అటక మీద మాదిరి గుడ్డల మూటలుంటాయి. మగ్గానికి వెళ్లేది ఫలానా మూట అని రాసిన చీటీ. మొదట ఇద్దరికీ ఒకే చీటీ ఇచ్చాను. ఇప్పుడు రెండోవాళ్లకు కొత్త మూట కట్టాను.

నాయన గడ్డం గోక్కున్నాడు. "మూట కొత్తది, సరే. లోపల అంచు గుడ్డ కొత్తగా నేసి పెట్టినావా, పాత గుడ్డ యాడుండాదో చెప్పే చీటీనే పెట్టినావా?"

అంతే! పై డబ్బా వేరైంది, లోపలి అంచు ఇద్దరిదీ ఒక్కటే. నాయన్ని గట్టిగా పట్టుకుని ఊపేశాను. మర్నాడు రైలు లత్తేరి దాటేలోగా నోటుపుస్తకంలో రాసేశాను: అంచుకు కొత్తది, రంగులకు కొత్తవి, అడుగుదాకా అన్నీ కొత్తవే. మధ్యాహ్నానికల్లా కాగితం బయటికొచ్చింది. ఒకదాంట్లో తెలుపుంది, ఇంకోదాంట్లో లేదు. క్లాసులోనే కేక పెట్టాను.

నాయన ప్రతి వరుసా వేలుపెట్టి చూసి మగ్గాలకు పంపాడు. రెండు పార్టీల వాళ్లూ చెరో వాకిట్లోంచి వచ్చి పంచెలు మోసుకుపోయారు. ఆ సాయంత్రం అత్త వచ్చి, పిల్ల ఎప్పుడు మానుతుందని అడిగింది.

నాయన జేబులోంచి నా కొత్త రైలు పాసు తీసి నా చేతిలో పెట్టాడు. "మానేదేంది అక్కా? మూటొకటే కాదు, లోపలి గుడ్డ కూడా కొత్తగా నేసింది నా కూతురు! నీకు తెలీదులే, అది పెద్ద చదువు."